మోడల్ స్టీమ్ ఇంజిన్‌కి ఇంజెక్టర్ కొనేముందు ట్యాంకు నీళ్లలో వేలు పెట్టి చూడండి

"ఏ ఇంజెక్టర్ కొనమంటారు?" అని నన్ను జనవరిలో ఎవరూ అడగరు. ఏప్రిల్ వచ్చిందంటే ఫోన్లు మొదలవుతాయి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు చిన్న ఆవిరి ఇంజిన్‌లు నడిపే ఈ పిచ్చి ఉన్నవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమే. అయినా ఏటా అదే ప్రశ్న. "కొత్తది కొన్నాను, కిందనుంచి కక్కేస్తోంది తప్ప బాయిలర్‌లోకి చుక్క ఎక్కట్లేదు. మంచి కంపెనీది ఏదైనా చెప్పండి."

నేనూ ఒకప్పుడు అదే అనుకున్నాను. ఒక మే నెల మధ్యాహ్నం మా పెరట్లో ఇంజిన్ నడుపుతుంటే ఇంజెక్టర్ చేతులెత్తేసింది. తీసి కడిగాను, మళ్లీ పెట్టాను, పని చెయ్యలేదు. ఖర్చు పెట్టి ఇంకొకటి తెప్పించాను. అదీ కక్కింది. అప్పుడు మా బావమరిది ట్యాంకులో వేలు పెట్టి, "బావా, ఇందులో టీపొడి వేస్తే సరిపోద్ది" అన్నాడు. నల్ల రంగు వేసిన ట్యాంకు, ఉదయం నుంచీ ఎండలోనే ఉంది. రెండు ఇంజెక్టర్లూ బాగానే ఉన్నాయి, ఇప్పటికీ వాడుతున్నాను. అందుకే ఇక్కడ ఇంజెక్టర్ ఎంపికతో పాటు దానిచుట్టూ ఉండే నీళ్లు, గొట్టాలు, జల్లెడ గురించి కూడా రాస్తున్నాను. నా లెక్కలో పదింట ఎనిమిది ఫిర్యాదులు ఇంజెక్టర్ బయటే తేలిపోతాయి.

సిద్ధాంతం ఒక్క ముక్కే. బాయిలర్ ఆవిరితోనే అదే బాయిలర్‌లోకి నీళ్లు తోసే ఈ చిన్న సాధనాన్ని ఫ్రాన్స్‌కి చెందిన హెన్రీ జిఫార్డ్ 1858లో కనిపెట్టాడు. లోపల కదిలే భాగాలు దాదాపు ఉండవు, వరసగా మూడు సన్నని కోన్‌లు ఉంటాయి. మొదటి కోన్‌లోంచి ఆవిరి మహా వేగంగా దూకుతుంది. రెండో కోన్‌లో చల్లని నీళ్లు తగిలి ఆవిరి చటుక్కున నీరైపోతుంది, దాని వేగం నీళ్లకు వస్తుంది. మూడో కోన్ వెడల్పవుతూ పోతుంది కాబట్టి ఆ వేగం ఒత్తిడిగా మారి బాయిలర్ తలుపు తోసుకుని లోపలికి వెళ్తుంది. ఇందులో ముఖ్యమైన మాట "చల్లని". నీళ్లు వేడిగా ఉంటే ఆవిరి పూర్తిగా నీరవ్వదు, ఆట అక్కడితో ఆగిపోతుంది.

కావలసినవి

ఒక లీటరు కొలత గిన్నె, ఫోన్‌లో స్టాప్‌వాచ్, వంటింటి డిజిటల్ థర్మామీటర్, బాయిలర్ ప్రెషర్ గేజ్ (చదరపు అంగుళానికి 80 పౌండ్లు అంటే సుమారు 5.5 బార్), భూతద్దం, సన్న కన్ను ఉన్న ఇత్తడి జాలీ, కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, తోలు చేతి తొడుగులు. వీటితో పాటు బాయిలర్‌కి నీళ్లు పెట్టే రెండో దారి, అంటే చేతిపంపు గానీ, చక్రాల ఇరుసు తిరిగితే నడిచే ఇరుసు పంపు గానీ. ఈ చివరిది ఉంటే బాగుంటుంది అనే రకం కాదు. అది లేకుండా మంట వెలిగించకండి.

1. మీ బాయిలర్ ఎంత తాగుతుందో ముందు కొలవండి

అందరూ చేసే మొదటి తప్పు ట్రాక్ గేజ్, అంటే పట్టాల మధ్య దూరం చూసి ఇంజెక్టర్ సైజు నిర్ణయించడం. "నాది 5 అంగుళాల గేజ్, ఏ సైజు?" అంటారు. మన ప్రాంతం వాళ్లకి ఈ లెక్క అస్సలు పనికిరాదు. ఎందుకో చెప్తాను.

మనలో చాలామంది చేసేది నౌపడా–గుణుపురం చిన్న రైలు బొమ్మే. 1900లో పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా వచ్చిన ఆ నారోగేజ్ పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు ఉండేది. 5 అంగుళాలు అంటే 127 మిల్లీమీటర్లు. సరిగ్గా ఆరో వంతు. అదే 127 పట్టాల మీద బ్రాడ్‌గేజ్ ఇంజిన్ చేస్తే అది పదమూడో వంతు మాత్రమే అవుతుంది. రెండూ ఒకే పట్టాల మీద తిరుగుతాయి, కానీ మొదటిదాని బాయిలర్ రెండోదాని కంటే చాలా పెద్దది కావచ్చు. గేజ్ చూసి కొన్న ఇంజెక్టర్ ఒకదానికి చాలదు, ఇంకోదానికి ఎక్కువైపోతుంది.

కొలిచే పద్ధతి ఇది. ఇంజిన్‌ని మామూలు లోడుతో, ఇద్దరినో ముగ్గురినో ఎక్కించుకుని నడపండి. ప్రెషర్ మీరు రోజూ నడిపే చోట స్థిరపడ్డాక ఆగి, వాటర్ గేజ్ గ్లాసు మీద నీటి మట్టం దగ్గర దారం కట్టండి. ట్యాంకు మట్టం కూడా గుర్తు పెట్టండి. పది నిమిషాలు నడపండి. మధ్యమధ్యలో పంపుతో నీళ్లు ఎక్కిస్తూ, చివరికి మట్టం మళ్లీ దారం దగ్గరికి తెచ్చి ఆపండి. ఇప్పుడు కొలత గిన్నెతో ట్యాంకుని పాత గుర్తు దాకా నింపండి. ఎన్ని లీటర్లు పట్టిందో అదే పది నిమిషాల దాహం.

రెండుసార్లు చెయ్యండి. రెండు అంకెలకీ బాగా తేడా వస్తే ఎక్కడో కారుతోందన్నమాట. ముందు అది చూడండి.

2. సైజు ఎంచుకోండి

ఉదాహరణకి పది నిమిషాలకి 3 లీటర్లు పట్టింది అనుకుందాం. అంటే నిమిషానికి 300 మిల్లీలీటర్లు. ఇంజెక్టర్ దీనికి ఒకటిన్నర రెట్లు ఇవ్వగలగాలి, అంటే 450 దరిదాపుల్లో. రెండు రెట్లు దాటకూడదు.

ఇంజెక్టర్లు ఎక్కువగా ఇంగ్లండ్ లెక్కలో, నిమిషానికి ఇన్ని ఔన్సులు అని అమ్ముతారు. ఆ ఔన్సు సుమారు 28.4 మిల్లీలీటర్లు. కాబట్టి 12 ఔన్సులంటే 340, 16 అంటే 455, 20 అంటే 570, 24 అంటే 680, 28 అంటే 795 మిల్లీలీటర్లు. మన ఉదాహరణకి 16 ఔన్సులది సరిపోతుంది.

"పెద్దది కొంటే భవిష్యత్తులో కూడా పనికొస్తుంది కదా" అనకండి. పిల్లలకి చెప్పులు కొన్నట్టు కాదిది. పెద్ద ఇంజెక్టర్ తెరిచిన నిమిషంలోనే బోలెడు చల్లని నీళ్లు లోపలికి వెళ్తాయి, ఆవిరి కూడా ఎక్కువ తింటుంది. ప్రెషర్ దబ్బున పడిపోతుంది. ప్రెషర్ పడితే ఇంజెక్టర్ ఆగుతుంది, ఆగిందని మీరు మళ్లీ మళ్లీ తిప్పుతారు. మంట పట్టుకునేలోపు బండి నిలబడిపోతుంది.

డబ్బు సర్దుబాటైతే ఒక పెద్దదానికి బదులు రెండు వేర్వేరు సైజులవి పెట్టుకోండి. చిన్నది నడుస్తున్నంతసేపూ తెరిచి ఉంచడానికి, రెండోది ఆగినప్పుడు మట్టం పెంచుకోవడానికి.

చాలా చిన్న ఇంజిన్‌లకు, అంటే 45 మిల్లీమీటర్ల గార్డెన్ పట్టాల మీద తిరిగేవాటికి, ఇంజెక్టర్ మాట మర్చిపోండి. కోన్ రంధ్రం సూది మొనంత సన్నగా అయిపోతుంది, చిన్న నలక చాలు మూసుకుపోవడానికి. వాటికి చేతిపంపు ఎంతో నయం.

3. ప్రెషర్ హద్దులు అడగండి

ప్రతి ఇంజెక్టర్‌కీ పని చేసే పై హద్దు, కింది హద్దు ఉంటాయి. మీ సేఫ్టీ వాల్వ్ ఊదే ప్రెషర్ దగ్గర పని చెయ్యాలి, అందులో సగానికి పడిపోయినా పని చెయ్యాలి. మీ బాయిలర్ 80 పౌండ్లది అయితే 40 నుంచి 90 దాకా పని చేసేది వెతకండి. "100 పౌండ్లకి చేశాం" అని ఒక్క అంకె మాత్రమే చెప్పేవాళ్లని కింది హద్దు ఎంతో గట్టిగా అడగండి. కష్టం వచ్చినప్పుడు మీకు అక్కరకొచ్చేది ఆ కింది హద్దే.

4. ఎంత వేడి నీళ్లు తట్టుకుంటుందో అడగండి

అమ్మేవాళ్లు చాలామంది చలి దేశాలవాళ్లు. అక్కడ కుళాయి నీళ్లు 10, 15 డిగ్రీలు. వాళ్లు పరీక్షించి పంపినది అక్కడ నిజంగానే బాగా పని చేస్తుంది. మన దగ్గర మే నెలలో డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకు నీళ్లతో మధ్యాహ్నం స్నానం చెయ్యలేం. చిన్న ఇంజెక్టర్లు చాలావాటికి 35 నుంచి 40 డిగ్రీల మధ్య ఎక్కడో ఒకచోట ఓపిక నశిస్తుంది.

అందుకని కొనేటప్పుడు ఈ ప్రశ్న రాతపూర్వకంగా పంపండి. "మీ ఇంజెక్టర్ నా పని ప్రెషర్ దగ్గర ఎన్ని డిగ్రీల నీళ్ల దాకా పట్టుకుంటుంది?" జవాబు అంకెలో వస్తే ఆ మనిషి నిజంగా పరీక్షించాడని అర్థం. "ఏ నీళ్లయినా పర్లేదు" అని వస్తే ఇంకొకరిని చూసుకోండి. నేను 40కి తక్కువ చెప్పినవి తీసుకోను.

ఇంజెక్టర్ ఎంత మంచిదైనా నీళ్లు చల్లగా ఉంచడం మన పనే. నేను చేసేవి ఇవి:

ట్యాంకు మీద తడి గోనెసంచి కప్పుతాను. నింపడానికి ముందురోజు రాత్రి మట్టికుండల్లో పోసిన నీళ్లు వాడతాను, గుడ్డతో వడకట్టి. మరీ ఎండగా ఉంటే ఐస్ ముక్కలు మూతి కట్టిన ప్లాస్టిక్ సంచిలో వేసి ట్యాంకులో వదులుతాను. ఐస్ నేరుగా వెయ్యొద్దు, అందులో ఏముంటుందో తెలియదు. బాయిలర్‌కి ఆనుకుని సైడ్ ట్యాంకులున్న ఇంజిన్ అయితే అరగంటలో ఆ నీళ్లు బాయిలర్ వేడికే కాగిపోతాయి. ట్యాంకుకీ బాయిలర్‌కీ మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల ఖాళీ గానీ పలుచని కార్క్ ముక్క గానీ ఉండాలి. లేకపోతే వెనక బండిలో ఇంకో ట్యాంకు పెట్టి, ఇంజెక్టర్‌కి అక్కడినుంచి నీళ్లు ఇవ్వండి. అన్నిటికంటే ఇదే మేలు.

5. చేతికొచ్చాక భూతద్దంతో చూడండి

కోన్‌లు విప్పదీయగలిగేవి కొనండి. లోపల అతికించేసినవి ఒకసారి సున్నం పట్టాయంటే కడగడం కష్టం. విప్పినప్పుడు ఏది ముందు, ఏది వెనుక, ఎటు తిరిగి ఉందో ఫోటో తీసుకోండి. తలకిందులుగా పెట్టి వారం రోజులు తల పట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

వెలుగుకి ఎదురుగా పట్టుకుని ఒక చివరనుంచి చూస్తే రంధ్రాలన్నీ ఒకే వరసలో, గుండ్రంగా కనపడాలి. ఒక్కటి పక్కకి జరిగినా ఆ వస్తువు ఎప్పటికీ నిలకడగా పని చెయ్యదు. అంచుల్లో గీతలు, లేచిన లోహపు పొలుసులు ఉంటే తిప్పి పంపండి. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ఈ పరీక్ష మరీ ముఖ్యం. పాత యజమాని తీగ పెట్టి గుచ్చి ఉంటాడు.

తర్వాత మరలు. ఇవి ఎక్కువగా అంగుళానికి 32 లేదా 40 దారాలుండే సన్న మరలు. మన ప్లంబింగ్ షాపుల్లో దొరికే చిన్న ఫిట్టింగులు అంగుళానికి 28 దారాలవి. రెండు చుట్లు బాగానే ఎక్కినట్టు అనిపిస్తుంది, మూడో చుట్టుకి ఇత్తడి మరలు పాడైపోతాయి. కాబట్టి ఇంజెక్టర్‌తో పాటే దానికి సరిపోయే, గొట్టాలు కలిపే యూనియన్ నట్లు, వాటి లోపలి కోన్ ముక్కలు మూడు సెట్లు తెప్పించుకోండి. ఒకటి ఎక్కువే ఉండనివ్వండి.

ఇంకోమాట. బజార్లోకి వెళ్లి "ఇంజెక్టర్ ఉందా" అని అడిగితే డీజిల్ ఇంజిన్ ఇంజెక్టర్ చేతిలో పెడతారు. బరంపురంలో ఒక షాపతను నాకు మూడు రకాలు చూపించి, "ఏ ట్రాక్టర్‌కి సార్?" అన్నాడు. తప్పు అతనిది కాదు.

6. గొట్టాలు వెయ్యండి

ఇంజెక్టర్ ట్యాంకు అడుగు కంటే కిందన ఉండాలి. ఈ చిన్నవి నీళ్లు పైకి పీల్చుకునే రకం కాదు, నీళ్లు వాటంతట అవే దిగాలి. చేతికి అందేచోట, మూడు నట్లు విప్పితే ఊడొచ్చేలా పెట్టండి. ఫ్రేముల మధ్యలో అందంగా దాచినవాళ్లు తర్వాత ఇంజిన్‌ని తలకిందులు చేసి తిట్టుకోవడం చూశాను.

గొట్టానికి ఫ్రిజ్ రిపేరు షాపుల్లో దొరికే మెత్తని రాగి గొట్టం చక్కగా సరిపోతుంది. 16 నుంచి 24 ఔన్సుల ఇంజెక్టర్లకి ఆవిరి, డెలివరీ వైపు 3/16 అంగుళం, నీళ్ల వైపు పావు అంగుళం వాడుతున్నాను. తయారుచేసినవాళ్లు వేరే సైజు చెబితే వాళ్ల మాటే వినండి. వంపులు పెద్దవిగా ఉండాలి. నొక్కుకుపోయిన వంపు ఒక్కటి ఉన్నా దారి ఇరుకైనట్టే.

ఆవిరి బాయిలర్‌లో అన్నిటికంటే ఎత్తైన చోటునుంచి, దానికంటూ వేరే వాల్వ్‌తో తీసుకోండి. ఈల, బ్లోయర్ (మంటని రాజేసే ఆవిరి ధార), ఇంజెక్టర్ మూడూ ఒకే సన్న గొట్టం మీద పెడితే ఈల ఊదినప్పుడల్లా ఇంజెక్టర్ ఆగిపోతుంది. ఆవిరితో పాటు నీటి తుంపర్లు వచ్చినా పని చెయ్యదు. బాయిలర్‌ని గ్లాసు పైదాకా నింపేసే అలవాటుంటే మానుకోండి.

డెలివరీ గొట్టం బాయిలర్‌ని కలిసేచోట క్లాక్ వాల్వ్, అంటే నీళ్లు వెనక్కి రాకుండా ఆపే బాల్ వాల్వ్ ఉంటుంది. దాని లోపలి దారి గొట్టం లోపలి దారికంటే ఇరుకుగా ఉండకూడదు. ఇది చాలామంది చూడరు.

బిగించేముందు గొట్టాలన్నీ నిమ్మ ఉప్పు నీళ్లతో కడిగి, ఆవిరితో ఒకసారి ఊదించండి. బ్రేజింగ్ చేసినప్పుడు, అంటే లోహం కరిగించి అతికినప్పుడు, ఏర్పడిన పెంకులు లోపల ఉండిపోతాయి.

హెచ్చరిక: టెఫ్లాన్ టేపు వాడకండి. కుళాయిలకి చుట్టినట్టు చుడితే దాని పోగులు తెగి కోన్‌లలో ఇరుక్కుంటాయి. బయటికి కనపడవు, ఊదినా రావు. కోన్ రకం యూనియన్ నట్‌కి అసలు టేపు అక్కర్లేదు, ముఖాలు శుభ్రంగా ఉంటే అవే పట్టుకుంటాయి.

7. జల్లెడ, నీళ్లు

కోన్ రంధ్రం మిల్లీమీటరు కంటే సన్నగా ఉంటుంది కాబట్టి దానికంటే సన్న కన్నుల జాలీ కావాలి. కానీ జాలీ వైశాల్యం పెద్దదిగా ఉండాలి. గొట్టం మూతికి చిన్న ముక్క కట్టేస్తే పది నిమిషాల్లో నాచుతో మూసుకుపోతుంది. బొటనవేలంత పొడవు గొట్టంలా చుట్టి ట్యాంకు లోపల పెట్టండి. ట్యాంకు మూతకి గాలి పోయే చిల్లు ఉండాలి, లేకపోతే నీళ్లు సగంలో దిగడం మానేస్తాయి.

నీళ్లలో వాన నీళ్లే రాజు. మన దగ్గర వానాకాలంలో కొరత లేదు. మొదటి వాన వదిలేసి రెండో వానకి పట్టి, గుడ్డతో వడకట్టి, మూత పెట్టి దాచుకోండి. మహేంద్రతనయ నది నీళ్లు గానీ చెరువు నీళ్లు గానీ తేరబెట్టి, వడకట్టి వాడొచ్చు. బోరు నీళ్లు మాత్రం వద్దు. టీ గిన్నె అడుగున తెల్ల పొర కట్టే నీళ్లు కోన్‌లలో కూడా అదే పొర కడతాయి.

8. మొదటిసారి తెరిచేటప్పుడు

ప్రెషర్ బాగా ఉన్నప్పుడు, మట్టం గ్లాసులో సగానికి పైన ఉన్నప్పుడే ప్రయత్నించండి. మట్టం పడిపోయాక కంగారులో నేర్చుకునే పని కాదిది.

క. ముందు నీళ్ల వాల్వ్ తెరవండి. ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి, అంటే బాయిలర్‌లోకి ఎక్కని నీళ్లు బయటికి పోయే దారిలోంచి, నీళ్లు ధారగా, బుడగలు లేకుండా రావాలి.

ఖ. ఇప్పుడు ఆవిరి వాల్వ్ ఒకేసారి పూర్తిగా తెరవండి. భయంభయంగా సగం తెరిస్తే పట్టుకోదు.

గ. చిన్న "చిర్ర్"మనే శబ్దం, తర్వాత ఓవర్‌ఫ్లో ఆగిపోతుంది. నీళ్లు ఇంకా కారుతుంటే నీళ్ల వాల్వ్ కొంచెం కొంచెంగా తగ్గించండి. ఆవిరి పొగలా వస్తుంటే నీళ్లు పెంచండి.

ఘ. ఆపేటప్పుడు ముందు ఆవిరి, తర్వాత నీళ్లు.

ఓవర్‌ఫ్లో ఎటు తిరిగి ఉందో చూసుకోండి. మరిగే నీళ్లు మీ కాళ్ల మీదికో, చూడ్డానికి వచ్చిన పిల్లల మీదికో చిమ్మకూడదు.

మట్టం గ్లాసు కిందికి పోయి, ఇంజెక్టరూ పంపూ రెండూ పని చెయ్యకపోతే ఇంకేమీ ప్రయత్నించకండి. మంట దించేయండి. కాలిన లోహం మీద చల్లని నీళ్లు పంపే ప్రయత్నం అసలు వద్దు.

9. పని తీరు ఎలా పరీక్షించాలి

"నీళ్లు ఎక్కుతున్నాయి" అనుకుని ఊరుకోకండి. మూడు పరీక్షలు చెయ్యండి, కాగితం మీద రాయండి.

కొలత పరీక్ష: ట్యాంకు గొట్టం తీసి కొలత గిన్నెలో పెట్టండి, గిన్నె ఇంజెక్టర్ కంటే ఎత్తులో ఉండాలి. ఒక నిమిషం నడిపి ఎంత తగ్గిందో చూడండి. ఓవర్‌ఫ్లో కింద ఇంకో గిన్నె పెట్టి, అందులో పడింది తీసెయ్యండి. 16 ఔన్సులది 455 దగ్గర ఇవ్వాలి. 300 ఇస్తుంటే ఎక్కడో అడ్డం ఉంది.

ప్రెషర్ పరీక్ష: సేఫ్టీ వాల్వ్ ఊదుతుండగా పట్టించండి. తర్వాత బ్లోయర్ ఆపి, ఇంజెక్టర్‌ని అలాగే వదిలేస్తే ప్రెషర్ మెల్లగా పడుతుంది. ఎన్ని పౌండ్ల దగ్గర కక్కడం మొదలైందో రాసుకోండి. మట్టం గ్లాసు పైకి వెళ్లిపోతే మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

వేడి పరీక్ష: 25, 30, 35, 40 డిగ్రీల నీళ్లు వేడినీళ్లు కలిపి తయారుచేసుకుని, ఒక్కొక్కటీ పని ప్రెషర్ దగ్గర ప్రయత్నించండి. ఎక్కడ ఆగిందో అదే మీ ఇంజెక్టర్ హద్దు. ఆ అంకె ట్యాంకు మూత లోపల పెయింటుతో రాయండి. నా రెండింటికీ 38, 41. మే నెలలో ఉదయం ఏడింటికి ఏ టెన్షన్ లేదు, మధ్యాహ్నం రెండింటికి మాత్రం కుండనీళ్లు లేకుండా బండి తియ్యను.

కక్కుతుంటే ఏం చూడాలి

ఓవర్‌ఫ్లో మీకు మాట్లాడి చెప్తుంది, వినాలి. వట్టి చల్లని నీళ్లే వస్తున్నాయా? ఆవిరి అందట్లేదు. వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదు, లేదా ఆవిరి కోన్ మూసుకుంది. ధార బుడగలతో, తుమ్ముతున్నట్టు వస్తోందా? నీళ్ల వైపు ఎక్కడో గాలి పీలుస్తోంది. నట్ల మీద సబ్బు నురగ రాసి చూడండి, నురగ లోపలికి పోయిన చోటే తప్పు. ఆవిరీ వేడి నీళ్లూ కలిసి గట్టిగా చిమ్ముతున్నాయా? నీళ్లు వేడెక్కాయి, లేదా జల్లెడ మూసుకుని తక్కువ వస్తున్నాయి, లేదా డెలివరీ వైపు అడ్డం ఉంది.

అసలు తెరవకముందే ఇంజెక్టర్ ఒళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉందా? ఆవిరి వాల్వ్ గానీ క్లాక్ వాల్వ్ గానీ కారుతోంది. అప్పటికి తడిగుడ్డ కప్పి చల్లార్చి పని కానిచ్చుకోవచ్చు, కానీ ఇంటికెళ్లాక ఆ వాల్వ్ తీసి బాల్ కూర్చునే చోటు శుభ్రం చెయ్యండి. ఓవర్‌ఫ్లో దగ్గర చిన్న బాల్ ఉండే రకమైతే దాని కింద నలక ఇరుక్కున్నా గాలి పీల్చి ఆగిపోతుంది.

కడగడం

పిన్ను, సూది, గిటారు తీగ, ఏదీ లోపల పెట్టొద్దు. మెత్తని ఇత్తడి మీద ఒక్క గీత పడితే చాలు. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, కోన్‌లు విప్పి అరగంట నానబెట్టండి. బుడగలు రావడం ఆగాక తీసి, మంచినీళ్లతో కడిగి, నోటితో గానీ సైకిల్ పంపుతో గానీ ఊదండి. రాత్రంతా వదిలేయకండి, పులుపు ఇత్తడిని కూడా తింటుంది. మా అత్తగారు చింతపండు వాడమన్నారు. ఇత్తడి బిందెలకి దాన్ని మించింది లేదు గానీ, దాని పీచు ఇందులో ఇరుక్కుంటే తియ్యలేం.

నెలకోసారి, లేదా ఎనిమిది పది గంటలు నడిచాక, పాడవకపోయినా కడగండి. విప్పినప్పుడల్లా పాత ఫోటో పక్కన పెట్టుకుని బిగించండి. బిగించాక మళ్లీ కొలత పరీక్ష చేసి అంకె పాతదానితో సరిపోల్చండి. కడిగాక కూడా నిమిషానికి ఇచ్చేది ప్రతిసారీ తగ్గుతూ పోతుంటే కోన్‌లు అరిగాయన్నమాట. చాలామంది తయారీదారులు కోన్‌లు విడిగా అమ్ముతారు, మొత్తం కొనక్కర్లేదు.

బయట ఊరికి బండి తీసుకెళ్లే రోజున రెండో ఇంజెక్టర్‌ని గుడ్డలో చుట్టి, దానికి సరిపోయే స్పానర్‌తో కలిపి డబ్బాలో పెట్టుకోండి. స్పానర్ మర్చిపోతే మిగతావన్నీ ఉండి కూడా ఉపయోగం లేదు. గుణుపురంలో నాకు అదే జరిగింది, సాయంత్రం దాకా చేతిపంపు కొడుతూ కూర్చున్నాను.